పోయిరోనా, మిస్ మార్పులా: మనిషిని చదవడంలో ఎవరు మేలు?

పోయిరో, మిస్ మార్పుల్ ఇద్దరూ అగాథా క్రిస్టీ నేరకథల్లోని డిటెక్టివ్‌లు. హంతకుడెవరన్న పజిల్ సంగతి అలా ఉంచితే, మనుషుల గురించి క్రిస్టీ చెప్పే చురుకైన మాటలు ఈ ఇద్దరిలో ఎవరి కథల్లో ఎక్కువ దొరుకుతాయని చాలామంది అడుగుతున్నారు.

పోయిరోను తక్కువ చేయలేం. మనిషిని మాట్లాడనిస్తే చాలు, దాచాలనుకున్నది తనే బయటపెట్టుకుంటాడని ఆయన నమ్మకం. 1936 నాటి 'కార్డ్స్ ఆన్ ది టేబుల్'లో నలుగురు బ్రిడ్జ్ అనే పేకాట ఆడుతుంటే అదే గదిలో హత్య జరుగుతుంది. పోయిరో వాళ్ల స్కోరు కాగితాలు ముందేసుకుంటాడు. ఆ గదిలో ఏ వస్తువులు గుర్తున్నాయని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఎవరి కళ్లు దేనిమీద పడ్డాయో దాన్నిబట్టి వాళ్ల స్వభావం పట్టేస్తాడు. ఎంత గొప్ప ఎత్తు!

కానీ ఆయన మనుషుల్ని కలిసేది ఎక్కువగా హత్య చుట్టూనే. అప్పుడు అందరూ టెన్షన్‌లో, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు. మిస్ మార్పుల్ సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో, ఏమీ జరగని రోజుల్లో కూడా మనుషుల్ని గమనిస్తూ వచ్చింది. నాకు ఇదే అసలు తేడా.

మార్పుల్ కథల పుస్తకం 'ద థర్టీన్ ప్రాబ్లమ్స్'లో మొదటి కథ చూడండి. అంతుచిక్కని సంగతులు చెప్పుకుందామంటే ఆవిడ రొయ్యల గురించి చెబుతుంది: ఊళ్లో ఒకావిడ రొయ్యలు కొని, ఇంకో రెండు షాపులు తిరిగి ఇంటికొచ్చేసరికి అవి లేవట. పెద్దగా ఎవరూ పట్టించుకోరు. తర్వాత విషప్రయోగం కేసు వస్తే, స్కాట్లండ్ యార్డ్‌లో, అంటే లండన్ పోలీసు శాఖలో, పనిచేసిన పెద్దమనిషి ఎదుటే ముడి విప్పేది ఆవిడే. ఊళ్లో ఒకాయన భార్యకు రవ్వంత అనుమానం రానివ్వకుండా బతికి, ఆస్తంతా వేరే ఆవిడకు రాసి పోయాడు. ఆ కేసు వినగానే ఆవిడకు ఆయన గుర్తుకు రావడమే ఆధారం. చాలామంది మంచివాళ్లూ కారు, చెడ్డవాళ్లూ కారు, ఉత్త తెలివితక్కువవాళ్లని ఆవిడ అనేదీ అక్కడే. ఈ మాటలో కోపం లేదు, భ్రమా లేదు. అందుకే నాకంత ఇష్టం.

1930 నాటి 'మర్డర్ ఎట్ ద వికరేజ్'లో రచయిత అయిన ఆవిడ మేనల్లుడు ఆ పల్లెను కదలని నీటిగుంటతో పోలుస్తాడు. అలాంటి నీటిబొట్టును మైక్రోస్కోప్ కింద పెడితే ఎంత జీవం కనిపిస్తుందో అని ఆవిడ నెమ్మదిగా జవాబిస్తుంది.

సాక్ష్యాల బిగువులో మాత్రం పోయిరోదే పైచేయి, మార్పుల్ కథల్లో రుజువులు కొంచెం పలచన. ఆవిడ నవలలూ 12 మాత్రమే, ఆయనవి 33. క్రిస్టీ మరో డిటెక్టివ్ జంట టామీ, టపెన్స్ కథలు సరదాగా ఉంటాయి గానీ ఈ అవసరానికి పనికిరావు.

మొదట 'ద థర్టీన్ ప్రాబ్లమ్స్' చదవండి, తర్వాత 'వికరేజ్'. పోయిరోలో ఒక్కటే చదవాలంటే, పాత హత్యను ఐదుగురు ఐదు రకాలుగా గుర్తుచేసుకునే 'ఫైవ్ లిటిల్ పిగ్స్' తీసుకోండి.