శరణార్థులకు ఏది మేలు: ప్రభుత్వాల దయా, అందరికీ ఒకే చట్టమా?

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో తడ దాటాక కొద్దిసేపటికే గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. శ్రీలంకలో తమిళుల మీద జరిగిన 1983 జూలై అల్లర్లు మొదలుకుని సముద్రం దాటి వచ్చినవాళ్ల కోసం తమిళనాడులో పెట్టిన వందకు పైగా క్యాంపుల్లో అదొకటి. ఈ క్యాంపుల్లో మగవాళ్లు చాలామంది పెయింటింగ్ పనికి పోతారు. చెకింగ్ రోజు మాత్రం చేతిలో ఎంత మంచి పని ఉన్నా వదిలేసి వచ్చి హాజరు వేయించుకోవాలి. లేకపోతే నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుందని టెన్షన్. వచ్చి నలభై ఏళ్లయినా ఇదే పరిస్థితి.

ఇల్లు, ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్లను చూసుకోవడానికి ఏ పద్ధతి మేలు?

మన దేశంలో ఇప్పుడున్న పద్ధతి, ఎవరు వచ్చారో చూసి అప్పటికప్పుడు నిర్ణయించడం. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు, శరణార్థులకంటూ చట్టమూ లేదు. అయినా దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. 1959 తర్వాత వచ్చిన టిబెటన్లకు కర్ణాటకలోని బైలకుప్పెలో భూములిచ్చి ఊళ్లే కట్టించాం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది వస్తే అన్నం పెట్టాం. ఏ చట్టమూ లేకుండానే ఇంత చేశాం.

కానీ అదే దేశంలో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉండే రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉన్నా, ప్రభుత్వం లెక్కలో వాళ్లు అక్రమ వలసదారులే. 2019 పౌరసత్వ సవరణ మూడు దేశాల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి చూపింది. శ్రీలంక తమిళులు అందులో లేరు, హిందువులైనా సరే. వాళ్లలో 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదైనవాళ్లకు, పాస్‌పోర్టు, వీసా లేకుండా ఉన్నందుకు పడే శిక్షల నుంచి 2025లో మినహాయింపు ఇచ్చారు గానీ, పౌరసత్వం ఇవ్వలేదు. వచ్చిన తారీఖు, వదిలొచ్చిన దేశం, మొక్కే దేవుడు, వీటిని బట్టి మనిషి బతుకు మారిపోతోంది. ప్రాణభయం మాత్రం అందరిదీ ఒకటే కదా!

రెండో పద్ధతి యూరప్‌ది. పెద్ద సంఖ్యలో జనం ఒక్కసారిగా వస్తే, ఒక్కొక్కరి కేసూ విచారించకుండా అందరికీ తాత్కాలిక రక్షణ ఇవ్వవచ్చని 2001లోనే నిబంధన రాసుకున్నారు. 2022 మార్చిలో ఉక్రెయిన్ వాళ్లకు దాన్ని అమలు చేశారు. ఉండటానికి అనుమతి, పని చేసుకునే హక్కు, పిల్లలకు బడి వెంటనే దొరికాయి. చాలా మంచి పని. అయితే 2015లో సిరియా నుంచి లక్షలమంది వచ్చినప్పుడు అదే నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. హంగరీ అయితే సరిహద్దులో కంచె వేసింది. అంటే చట్టం ఉంటే చాలదు, అది ఎప్పుడు అమలు కావాలో కూడా అందులోనే రాసి ఉండాలి.

ఉగాండా 2006లో చట్టం చేసి శరణార్థులకు పని చేసుకునే, తిరిగే హక్కులిచ్చింది. సాగు చేసుకోవడానికి చెక్క భూమి కూడా ఇస్తుంది. బయటినుంచి వచ్చే సాయం తగ్గితే అక్కడా రేషన్ తగ్గిపోతుంది, అది వేరే బాధ.

నా ఓటు చట్టానికే. అందులో రెండు మెట్లు ఉండాలి. గుంపుగా వచ్చినప్పుడు దేశం, మతం చూడకుండా అందరికీ ముందు తాత్కాలిక రక్షణ, ఆ తర్వాత నింపాదిగా ఒక్కొక్కరి విచారణ. మన తీరంలో తుపానప్పుడు స్కూల్లో పెట్టే పునరావాస కేంద్రంలో అన్నం ముందు పెడతారు, పేర్లు తర్వాత రాసుకుంటారు. ఇదీ అంతే. భద్రత మాటేమిటని అడిగేవాళ్లున్నారు, అడగాల్సిందే. వేలిముద్రలతో పేరు నమోదు చేసుకున్న మనిషి కంటే, పట్టుకుంటారని దాక్కుని బతికే మనిషి వల్లే పోలీసులకు ఎక్కువ ఇబ్బంది. ఇక ఖర్చు సరిహద్దు రాష్ట్రం ఒక్కదాని నెత్తిన పడకూడదు, కేంద్రం భరించాలి.

చట్టంలో రాసి ఉన్న హక్కు ఎంత పని చేస్తుందో రామేశ్వరం దగ్గరి మండపం శరణార్థుల క్యాంపులో 1986లో పుట్టిన ఒకామె కేసులో చూశాం. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులని మన పౌరసత్వ చట్టం చెబుతోంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె కోర్టుకు వెళ్లింది, 2022లో మద్రాస్ హైకోర్టు పాస్‌పోర్టు ఇమ్మంది. 2024లో ఓటు కూడా వేసింది. అమ్మానాన్నలిద్దరూ శరణార్థులైన పిల్లలు అదే క్యాంపులో ఆ తారీఖు తర్వాత పుట్టి ఉంటే, కోర్టులో చూపించడానికి వాళ్లకు ఆ మాట లేదు. 2015లో శశి థరూర్ శరణార్థుల కోసం లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. నెల్లూరు, ఒంగోలు ఎంపీలు ఈ విషయం సభలో ఎత్తాలని మనం అడగాలి.