పాలమూరు నుంచి తిరుపతికి: ఆకాశంలో గంటంబావు, గడప నుంచి ఏడు గంటలు

అమ్మకు మోకాళ్ల నొప్పులు. రైలు మెట్లు ఎక్కలేదేమోనన్న భయంతో ఈసారి తిరుపతికి విమానంలో తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణం మాత్రం రైల్లోనే. ఒకే యాత్రలో రెండూ చూశాం కనుక మా మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

శంషాబాద్ నుంచి రేణిగుంటకు టికెట్ మీద ఉన్నది గంటంబావు ప్రయాణం. గాలిదారిన సుమారు 420 కిలోమీటర్లు. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ తిరుపతి మనకు దక్షిణాన ఉంది, శంషాబాద్ ఉత్తరాన ఉంది. సుమారు 80 కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, ఆ దూరాన్నే మళ్లీ పైనుంచి దాటాలి. గద్వాల, వనపర్తి వాళ్లకైతే ఈ వెనకడుగు ఇంకా ఎక్కువ.

ఉదయం 5:30కు కారులో బయలుదేరాం. ఒంటరిగా వెళ్లేవాళ్లు హైదరాబాద్ బస్సెక్కి శంషాబాద్‌లో దిగి టాక్సీ పట్టుకోవచ్చు. జడ్చర్ల దగ్గర జాతీయ రహదారి ఎక్కి, షాద్‌నగర్‌లో టీ తాగి, 7:30కు విమానాశ్రయం చేరాం. విమానం 9:50కి. రేణిగుంటలో దిగి, సామాను తీసుకుని, టాక్సీలో తిరుపతి బస చేరేసరికి 12:15 అయింది. మొత్తం పావు తక్కువ ఏడు గంటలు.

చక్రాల కుర్చీ సేవను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. టికెట్ తీసుకున్నప్పుడే అడిగాం. ద్వారం దగ్గర నుంచి విమానం దాకా ఒక అబ్బాయి సొంత మనవడిలా తీసుకెళ్లాడు. పైకి లేచాక నల్లమల పచ్చదనం మధ్య వంకర తిరిగిన నీళ్లు కనిపించాయి. కృష్ణమ్మే అని చెప్పగానే అమ్మ అలవాటు కొద్దీ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని మళ్లీ ముడి వేసుకుంది.

దేవస్థానం వసతి గృహాల్లో బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం సౌకర్యంగా ఉంటాయి. మాకు గదులు దొరకలేదు. ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. స్నానాల గదికి జానెడు ఎత్తు గడప, పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు అద్దె అడిగే ముందు ఆ గది చూడండి.

దర్శనమయ్యాక సాయంత్రం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను భయపడిన మెట్లు మూడే. కింద నుంచి నేను, పైనుంచి ఒక తోటి ప్రయాణికుడు సాయం పడితే అమ్మ నిమిషంలో ఎక్కేసింది. కింది బెర్తు దొరికింది. విమానం కంటే రెండు మూడు గంటలు ఎక్కువే పట్టినా ఆ సమయమంతా నిద్రలోనే గడిచింది. దిగింది మా ఊళ్లోనే. ఖర్చులో అయితే పోలికే లేదు. శంషాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు విమానం మంచిదే. పాలమూరు వాళ్లకు రైలే నయమని నా అభిప్రాయం. నల్లగొండ వాళ్లకూ గుంటూరు మీదుగా వెళ్లే నారాయణాద్రి ఉంది.

తెల్లవారుజామున గద్వాల దాటి రైలు కృష్ణ వంతెన మీదికి రాగానే, ఎవరూ లేపకుండానే అమ్మ లేచి కూర్చుంది. కొంగు ముడి విప్పుతూ, కిటికీ తలుపు పైకెత్తమంది.