కమ్యూనిటీ కాలేజీలో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా: చేరే ముందు తెలుసుకోవలసినవి

పేరులో ఇంటర్మీడియట్ అని ఉంది కాబట్టి ఈ కోర్సు మన ఇంటర్ ఎంపీసీ లెక్కల స్థాయిలో ఉంటుందని జంకే తెలుగువారు నాకు న్యూజెర్సీలో చాలామంది తారసపడ్డారు. నిజానికి ఇందులో చెప్పేది చాలావరకు మన తొమ్మిది, పదో తరగతుల బీజగణితమే. బహుపదుల కారణాంకాలు, వర్గమూలాలతో కూడిన సమీకరణాలు, వర్గ సమీకరణాలు, ప్రమేయాలు ముఖ్యాంశాలు కాగా, వాటికి సంకీర్ణ సంఖ్యల పరిచయం కొద్దిగా తోడవుతుంది. సీఈసీ, ఆపైన బీకాం చదివిన నేను పదో తరగతి పరీక్షతోనే ఆల్జీబ్రాకు దణ్ణం పెట్టేశాను. ఇరవై రెండేళ్ల తర్వాత, నర్సింగ్ చదవాలన్న కోరికతో మా కౌంటీలోని (అంటే మన జిల్లా లాంటిది) కమ్యూనిటీ కాలేజీకి, అంటే రెండేళ్ల డిగ్రీ చదువులు చెప్పే స్థానిక కాలేజీకి, వెళ్లినప్పుడు మళ్లీ దాని ముఖం చూడవలసి వచ్చింది.

చేరే ముందు, ఎవరు ఏ స్థాయి కోర్సులో చేరాలో తేల్చే అక్యుప్లేసర్ అనే పరీక్ష పెట్టారు. ఇది కంప్యూటర్ మీద రాసే పరీక్ష. సరైన జవాబులు ఇచ్చేకొద్దీ ప్రశ్నలు కఠినమవుతాయి, స్కోరు 200 నుంచి 300 మధ్య ఉంటుంది, సమయానికి పరిమితి లేదు. నేను ఏమాత్రం సాధన లేకుండా వెళ్లి కూర్చున్నాను, ఫలితం కూడా అలాగే వచ్చింది. ఈ పరీక్షను నిర్వహించే కాలేజ్ బోర్డ్ వారే సాధన ప్రశ్నలను ఉచితంగా ఇస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. ఒక వారం వాటి మీద కూర్చొని ఉంటే బహుశా పై కోర్సులోనే చోటు దొరికేదేమో.

బోధన విషయంలో మాత్రం నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. వారానికి రెండు సాయంత్రాలు, ఉద్యోగాలు చేసుకొని వచ్చేవారికి అనువైన వేళలో తరగతి జరిగేది. 6ఎక్స్ స్క్వేర్ ప్లస్ 7ఎక్స్ మైనస్ 3 అనే బహుపదిని కారణాంకాలుగా రాయమన్నప్పుడు, మా బడిలో నేర్పిన విధంగా గుణిస్తే మైనస్ 18, కూడితే 7 వచ్చే 9, మైనస్ 2 అనే అంకెలను వెతికి మధ్య పదాన్ని విడగొట్టాను. ఇక్కడ దీన్ని ఏసీ మెథడ్ అంటారట. పేరు మారినా లెక్క అదే కావడంతో ప్రాణం లేచి వచ్చింది. అయితే ఎక్స్ ప్లస్ 6కు వర్గమూలం ఎక్స్‌కు సమానమైతే ఎక్స్ ఎంత అన్న లెక్క దగ్గర బోల్తా పడ్డాను. ఇరువైపులా వర్గం చేసి 3, మైనస్ 2 అని రెండు జవాబులు రాసి, కింద గీత గీసి కలం పక్కన పెట్టాను. మా అధ్యాపకురాలు మైనస్ 2ను మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి చూడమన్నారు. ఎడమవైపు 4కు వర్గమూలం, అంటే 2 వచ్చింది. కుడివైపు మైనస్ 2 ఉంది. వర్గం చేసినప్పుడు గుర్తు చెరిగిపోతుందని, అందువల్లే లేని మూలం ఒకటి వచ్చి కూర్చుంటుందని ఆమె ఆ ఒక్క లెక్క మీదే పావుగంట సేపు వివరించారు. పదో తరగతిలో నూటికి తొంభై ఒకటి తెచ్చుకున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఇంటిపని చేయించే ఆన్‌లైన్ వ్యవస్థ మాత్రం నా ఓపికను పరీక్షించింది. దాని ప్రవేశ కోడ్‌కు ఫీజుతో సంబంధం లేకుండా విడిగా డబ్బు కట్టాలి. అర అనే జవాబును 0.5 అని రాస్తే తప్పు, భిన్నంగా రాస్తేనే ఒప్పు. 12కు వర్గమూలాన్ని రెండు రూట్ 3గా సూక్ష్మీకరించకపోతే అదీ తప్పే. అధ్యాపకురాలైతే పద్ధతి చూసి సగం మార్కులైనా వేస్తారు, యంత్రానికి ఆ దయ లేదు. పాఠ్యపుస్తకం విడిగా కొనవలసిన పని లేదు, ఎందుకంటే రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ ఇదే విషయం మీద పూర్తి పుస్తకాన్ని ఉచితంగా అందిస్తోంది. నేను దానితోనే నెట్టుకొచ్చాను.

అసలు మనసు కష్టపెట్టుకున్నది, ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పవలసిన సలహా విభాగం విషయంలో. మా కాలేజీలో ఈ కోర్సు క్రెడిట్లు డిగ్రీకి లెక్కకు రావని, పైగా నర్సింగ్ వైపు వెళ్లేవారు కొంత అదనపు బోధనతో నేరుగా స్టాటిస్టిక్స్ తీసుకొనే వీలుందని నాకు ఆరో వారంలో పక్క బెంచీ అమ్మాయి చెప్పింది. అప్పటికి ఫీజు వాపసు గడువు దాటిపోయింది. ప్రీకాల్‌క్యులస్ (కలన గణితానికి ముందు చదివే కోర్సు), ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లేవారికి ఈ పునాది తప్పనిసరి కాబట్టి వారు నిశ్చింతగా చేరవచ్చు. మిగిలినవారు తమ ప్రోగ్రామ్‌కు ఏ గణితం అవసరమో రాతపూర్వకంగా అడిగి తెలుసుకొన్న తర్వాతే డబ్బు కట్టడం మంచిది.

ఇదే కోర్సును వేసవిలో సగం వారాలకు కుదించి కూడా చెబుతారు. మధ్యలో విరామం వచ్చి లెక్కలు మరచిపోయినవారు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు, ఎందుకంటే కారణాంకాలు చేతికి అలవాటయ్యేలోపే వర్గ సమీకరణాల పరీక్ష వచ్చి పడుతుంది. ఏ సెషన్‌లో చేరినా ట్యూటరింగ్ కేంద్రానికి మొదటి వారం నుంచే వెళ్లండి. అక్కడ సాయం ఉచితమే కానీ, పరీక్షల వారంలో కుర్చీ దొరకదు.