పింపా కొనొచ్చా? పత్రిక, పుస్తకాలు, కార్టూన్లు... అన్నిటి మీదా నా మాట

ముందే తేల్చి చెప్పేస్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఇటలీలో ఉంటూ ఇంట్లో రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలుంటే పింపా బొమ్మల కథలు కొనండి, లేదా లైబ్రరీ నుంచి తెచ్చుకోండి. కార్టూన్ ఆ తర్వాత. కార్టూన్లోనూ పాత సిరీస్ ముందు, కొత్తవి తర్వాత. ఏడెనిమిదేళ్లు వచ్చేసిన పిల్లలకైతే డబ్బు దండగ, "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పడేస్తారు.

పింపా ఎవరో తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. తెల్లటి ఒంటి నిండా ఎర్ర మచ్చలు, కిందకి వేలాడే పొడుగు చెవులు, ఎప్పుడు చూసినా బయటే ఉండే నాలుక, ఇదీ పింపా. ఆడ కుక్కపిల్ల. 1975 జులై 13న 'కొర్రియేరె దెయ్ పిక్కొలి' అనే పిల్లల పత్రికలో మొదటిసారి కనిపించింది. ఆ పత్రికేమీ ఆషామాషీది కాదు. 'కొర్రియేరె దెల్లా సేరా' దినపత్రికకి అనుబంధంగా 1908లో మొదలై తరాల తరబడి ఇటాలియన్ పిల్లల చేత బొమ్మల కథలు చదివించింది. తమాషా ఏంటంటే తొలిరోజుల్లో దాంట్లో పాత్రల నోటి దగ్గర మాటల బుడగలు ఉండేవి కావు, బొమ్మ కింద ప్రాస కుదిరిన పద్యపాదాలు వేసేవాళ్లు, పెద్దవాళ్లు అవి పాడి వినిపిస్తుంటే పిల్లలు బొమ్మలు చూసేవాళ్లన్నమాట. 1990ల్లో ఆ పత్రిక మూతపడింది. పింపా మాత్రం పడలేదు. 1987 నుంచి దానికి సొంత మాసపత్రిక ఉంది, ఆ నెలనెలా రావడం ఇంకా నడుస్తోంది, ఇవాళ అది కొనిచ్చే అమ్మల్లో చాలామంది చిన్నప్పుడు అదే చదువుకున్నవాళ్లు.

గీసింది ఆల్తాన్. పూర్తి పేరు ఫ్రాంచెస్కో తుల్లియో ఆల్తాన్, 1942లో త్రెవీజోలో పుట్టారు, బ్రెజిల్‌లో కొన్నేళ్లుండి అక్కడే పెళ్లి చేసుకుని, 1970ల మధ్యలో ఇటలీ తిరిగొచ్చి ఆక్విలేయా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. పింపా తన చిన్న కూతురి కోసం వేసిన బొమ్మ. ఇక్కడ నాకు భలే అనిపించే విషయం ఇంకోటుంది. ఇదే ఆల్తాన్ పెద్దవాళ్లకి వేసే కార్టూన్లు చూస్తే ఈయనా ఆయనా ఒకరేనా అనిపిస్తుంది. చిప్పూతి అని ఒక కార్ఖానా కార్మికుడి పాత్ర ఉంది, యంత్రం ముందు నిలబడి రెండు మాటల్లో ప్రభుత్వాన్నీ యజమానినీ ఉతికి ఆరేస్తాడు. అంత చేదుగా ఉంటాయి అవి. మరి ఆ చేత్తోనే ఇంత మెత్తటి కుక్కపిల్ల ఎలా వచ్చిందని ఆశ్చర్యపోతాం గానీ, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది, రెండిట్లోనూ ఎవరూ అరవరు, ఎక్కువ మాట్లాడరు, చెప్పాల్సింది పొడిగా చెప్పేసి ఊరుకుంటారు. పిల్లల పుస్తకమని పింపాలో ఎక్కడా ముద్దు మాటలు ఒలకబోయలేదు. నాకు ఇది నచ్చడానికి మొదటి కారణం అదే.

ఇక కథలు. చాలా కథలు ఒకే దారిలో నడుస్తాయి. పొద్దున్నే, పింపాతో ఒకే ఇంట్లో ఉండే మీసాల అర్మాండో పనికి వెళ్తాడు. పింపా ఇంట్లోంచి బయటపడుతుంది. దారిలో ఎవరో తగులుతారు, వాళ్లతో ఎక్కడికో వెళ్తుంది, సముద్రం అడుక్కో, ఆకాశంలోకో, అడవిలోకో. సాయంత్రానికి ఇంటికొచ్చి జరిగిందంతా అర్మాండోకి చెప్తుంది. పడుకుంటుంది. అంతే. విలన్ లేడు, తప్పిపోయి ఏడవడం లేదు, చివర్లో గండం గట్టెక్కడం లేదు. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు, నేనూ మొదటి పుస్తకం తిరగేసి ఇందులో ఏముందబ్బా అనుకున్నాను. కానీ మూడేళ్ల పిల్లకి రోజు అంటే అదే కదా, పెద్దవాళ్లు ఎటో వెళ్లిపోతారు, సాయంత్రం వస్తారు, ఆ మధ్యలో తనకి బోలెడంత జరుగుతుంది, అదంతా ఎవరికైనా చెప్పేదాకా నిద్ర పట్టదు.

అర్మాండో పింపాకి ఏమవుతాడో కథల్లో ఎక్కడా వివరంగా చెప్పరు. యజమాని అందామంటే గొలుసు లేదు, ఆజ్ఞ లేదు. నాన్న అందామంటే ఇది కుక్క. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు గొప్ప పాత్ర ఆయనే. కుక్కపిల్ల ఇంటికొచ్చి ఫలానా చోటికి వెళ్లొచ్చాను, ఫలానావాళ్లు నాతో మాట్లాడారు అని చెప్తుంటే ఆయన "అబద్ధాలాడకు" అని కసరడు, "అబ్బో మా బంగారం" అని అతి కూడా చేయడు. కూర్చుని వింటాడు, ఒకటి రెండు ప్రశ్నలు వేస్తాడు. పిల్లలు చెప్పేది ఎలా వినాలో పెద్దవాళ్లకి ఆయన్ని చూస్తే తెలుస్తుంది, మా ఇంట్లో మాత్రం "నువ్వు అర్మాండోలా వినట్లేదు" అన్న ఫిర్యాదు మా ఆయన మీద పడింది, ఫోన్ పక్కన పెట్టించేసింది మా పాప.

ఇంకో సంగతి, పింపా లోకంలో అన్నీ మాట్లాడతాయి. జంతువులు సరే. మంచం, కుర్చీ, చెట్టు, సూర్యుడు, చంద్రుడు, వాన మబ్బు, ఏదైనా నోరు విప్పొచ్చు, ఎవరూ విడ్డూరం అనుకోరు. అదేదో మంత్రం వల్ల జరిగిందని కారణం కూడా చెప్పరు. పలకరిస్తే పలుకుతాయి, అంతే. తీతో అనే ఇంకో కుక్కపిల్ల, కొలొంబీనో అనే కోడిపిల్ల, ఒలివియా అనే బాతు, ఇలా స్నేహితుల జట్టు కూడా ఉంది గానీ నాకు వాళ్లకంటే ఈ మాట్లాడే సామానే ఇష్టం.

ఒక పేజీ దగ్గరగా పెట్టుకుని చూడండి. గళ్లు గళ్లుగా బొమ్మలు, ఏ గడీ పేజీ బయటికి దూసుకొచ్చి హడావిడి చేయదు. గీత నల్లగా, తెగకుండా ఉంటుంది. నీడలు లేవు. గడ్డి అంటే ఒక ఆకుపచ్చ, ఆకాశం అంటే ఒక నీలం, గోడ అంటే ఒక రంగు. వెనకాల అనవసరమైన వస్తువు ఒక్కటి కనపడదు. అందుకే పిల్ల కన్ను నేరుగా పింపా దగ్గరికే వెళ్తుంది, ఎరుపు తెలుపు ఉన్నది అక్కడే కాబట్టి. బుడగల్లో మాటలు అన్నీ పెద్ద అచ్చక్షరాల్లో ఉంటాయి, ఇక్కడి బడిలో పిల్లలకి మొదట నేర్పేవీ అవే. మా పాప తనంతట తాను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం పింపా బుడగలోదే, ఎందుకంటే ఒక్కో బుడగలో మాటలు కొన్నే ఉంటాయి. చదవగానే బొమ్మ చూస్తే అర్థం అక్కడే ఉంటుంది.

ఇది పెద్దవాళ్లకీ పనికొస్తుందని మొహమాటం లేకుండా చెప్తున్నా. ఉద్యోగం కోసమో చదువు కోసమో ఇక్కడికొచ్చి భాష రాక ఇబ్బంది పడే మనవాళ్లు కోర్సులకి వందల యూరోలు పోస్తారు, పోయండి, వద్దనను, కానీ పక్కన ఒక పింపా పుస్తకం పెట్టుకోండి. రోజూ ఇంట్లో వాడే మాటలే ఉంటాయి, లేచావా, ఆకలేస్తోంది, ఎక్కడికి వెళ్తున్నావు, పడుకుందాం పద. పిల్లల బడి గేటు దగ్గర వేరే అమ్మలతో మాట్లాడాలంటే నాకు ఉండే టెన్షన్ ఈ పుస్తకాల వల్లే కొంత తగ్గింది.

తెలుగు పోతుందేమో అన్న బెంగ ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. బొమ్మలే కథ మొత్తం మోస్తాయి కాబట్టి బుడగలు వదిలేసి తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు. మా అమ్మకి ఇటాలియన్ ముక్క రాదు, ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ పింపా పుస్తకం ఒళ్లో పెట్టుకుని తన కథ తను చెప్పేసేది, అర్మాండో కాస్తా గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా అయిపోయాడు. పాప ఏమాత్రం అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు కార్టూన్ల సంగతి. మొదటి సిరీస్ 1980ల మొదట్లో ఇటలీ ప్రభుత్వ టీవీ రాయ్ కోసం తీశారు, 26 ఎపిసోడ్లు, ఒక్కోటి ఐదు నిమిషాలకి అటూ ఇటూ. దర్శకుడు ఒస్వాల్దో కవందోలి. ఈ పేరు తెలియకపోయినా ఆయన బొమ్మ మీరు చూసే ఉంటారు, ఒకే ఒక తెల్ల గీతలోంచి పుట్టి ఆ గీత మీదే నడుస్తూ, గీత తెగితే గీసేవాడి మీద విరుచుకుపడే ఆ పెద్ద ముక్కు మనిషి, 'లా లీనియా', ఆయనదే. అదీ మొదట ఒక వంట గిన్నెల కంపెనీ ప్రకటన కోసం పుట్టింది. ఒక్క గీతతో అన్నేళ్లు నవ్వించిన మనిషి చేతిలో పెట్టడం వల్ల పింపా బాగుపడింది. ఆ సిరీస్‌లో కదలిక తక్కువే, కొన్నిసార్లు తల మాత్రమే తిరుగుతుంది, నేపథ్యం కదలదు, ఇప్పటి లెక్కలో చూస్తే చవకగా తీసినట్టే ఉంటుంది. కానీ పుస్తకంలో పేజీకీ పేజీకీ మధ్య ఉండే ఆ ఆగి చూసే సమయం దాంట్లో ఉంది. పిల్ల ఒక బొమ్మ చూసి నవ్వడానికి తీరిక దొరుకుతుంది.

రెండోది 1997లో వచ్చింది, ఎంజో దాలో దర్శకత్వం. ఆయన పిల్లల సినిమాలతో ఇటలీలో బాగా పేరున్న మనిషి. ఇది పాతదాని కంటే నునుపుగా ఉంటుంది, రంగులు నిండుగా, కథ నడక కాస్త వేగంగా. చెడ్డదేమీ కాదు, మా ఇంట్లో ఎక్కువసార్లు నడిచింది ఇదే. నాకే పాతదాని మీద మక్కువ.

ఆ తర్వాత వచ్చినవి, ముఖ్యంగా పింపా ప్రపంచమంతా తిరిగే సిరీస్, వాటితోనే నాకు పేచీ. బొమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది, ఎక్కడా ముడత లేదు. పైగా వెళ్లిన ప్రతి చోటా పిల్లకి ఏదో ఒకటి నేర్పి పంపాలన్న తాపత్రయం కనిపిస్తుంది. పాత పింపా ఊరికే వెళ్లేది, ఊరికే వచ్చేది. ఏమీ నేర్చుకోకుండా ఇంటికొచ్చే హక్కు పిల్లలకి ఉండాలి కదా. అయినా ఇది నా గొణుగుడు, మా పాపకి ఆ తేడా పట్టలేదు, ఎర్ర మచ్చలు కనిపిస్తే చాలు.

చూడాలనుకుంటే ఇటలీలో ఉన్నవాళ్లకి రాయ్ వాళ్ల పిల్లల ఛానెల్, వాళ్ల ఆన్‌లైన్ సేవ ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. పడుకునే ముందు ఒక్క ఎపిసోడ్ అంటే నిజంగా ఒక్కటే అయిపోతుంది, ఐదు నిమిషాల్లో కథ కంచికి వెళ్తుంది కాబట్టి ఇంకోటి ఇంకోటి అనే గొడవ తక్కువ.

కొనే విషయంలో కొన్ని జాగ్రత్తలు. మాసపత్రిక వార్తాపత్రికలమ్మే కియోస్కుల్లో దొరుకుతుంది. ఇక్కడ పిల్లల పత్రికలకి మామూలుగా ఉన్న జబ్బేంటంటే ప్లాస్టిక్ కవర్లో ఏదో బొమ్మ జతచేసి అమ్మడం. పిల్ల ఆ బొమ్మ కోసం ఏడుస్తుంది, అది సాయంత్రానికల్లా విరుగుతుంది, పత్రిక మంచం కిందకి వెళ్తుంది. అందుకే నేను పత్రిక కంటే మొదెనాలోని ఫ్రాంకో కోజిమో పనీని ప్రచురణ సంస్థ వేసే పుస్తకాలే మేలంటాను. వాళ్లవే ఊళ్ల గైడ్లు కూడా ఉన్నాయి, పింపా వెనిస్ వెళ్తుంది, రోమ్ వెళ్తుంది, ఫ్లోరెన్స్ వెళ్తుంది, మధ్యలో ఆటలు. అమ్మానాన్నలకి గుళ్లూ మ్యూజియాలూ చూడాలని ఉండి పిల్లలు కాళ్లు నొప్పులంటూ కూలబడే రకమైతే అలాంటి పుస్తకం ఒకటి సంచిలో ఉండాల్సిందే.

పాతవి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం లోపలి పేజీల ఫోటోలు అడిగి కొనండి. ఒకావిడ దగ్గర నేను కొన్న కట్టలో స్టికర్ పేజీలన్నీ ఖాళీ, ఒక పుస్తకంలో అర్మాండోకి ఎవరో బాల్‌పెన్‌తో గడ్డం కూడా పెట్టారు. ఆ గడ్డం మా పాపకి తెగ నచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

అన్నిటికంటే చవకైన దారి మీ వీధి లైబ్రరీ. 'నాతి పెర్ లెజ్జెరె' అని 1999లో పిల్లల డాక్టర్లు, లైబ్రేరియన్లు కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం ఒకటి ఉంది, బడికి వెళ్లకముందు నుంచే పిల్లలకి పుస్తకాలు చదివి వినిపించమని ప్రచారం చేస్తుంది. దాని గుర్తు బొమ్మ గీసింది కూడా ఆల్తానే. ఆ బొమ్మ ఉన్న పోస్టర్ మీ పిల్లల డాక్టర్ గదిలోనో లైబ్రరీలోనో కనిపిస్తే ఆగి అడగండి, పసిపిల్లల అల్మారా చూపిస్తారు. పింపా పుస్తకాలు చాలా చోట్ల ఉంటాయి, అంచులు నలిగి, మూలలు కొరికేసి. రెండేళ్ల లోపు పిల్లలైతే అట్ట పేజీలవే తీసుకోండి, మామూలు కాగితం ఒక్క పూట కూడా నిలవదు.