1966 మస్టాంగ్, ఆరు సిలిండర్ల ఇంజిన్: కొన్న పదిహేనేళ్ల తర్వాత

2009 అక్టోబరులో కొని, మూడేళ్లు పట్టి బాగుచేసుకుని, 2012 వేసవి నుంచి ఏటా మే మొదలు అక్టోబరు దాకా నడుపుతున్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మేముండేది మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో. ఈ కారు తయారైన డియర్‌బోర్న్ ఇక్కడికి అరగంట ప్రయాణం. మస్టాంగ్ అనగానే చాలామందికి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దాని గర్జన గుర్తుకొస్తాయి. నాది అది కాదు. 200 ఘనపు అంగుళాల, 120 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. అయినా పాత అమెరికన్ కారును సొంత చేతులతో బాగుచేసుకుని సొంతంగా నడుపుకోవాలనుకునేవారు మొదట చూడవలసినది ఇదేనని, ఎనిమిది సిలిండర్ల కారు కాదని, పూర్తి నమ్మకంతో చెబుతున్నాను.

దీన్ని నాకు అమ్మినావిడ రిటైరైన స్కూలు టీచరు. 1966 వసంతకాలంలో తన తొలి జీతాలు కూడబెట్టి కొత్తగా కొనుక్కున్నారు. 1994లో నడపడం మానేశాక పదిహేనేళ్లపాటు గ్యారేజీలోనే ఉంచారు. తాళాలతోపాటు ఆవిడ నా చేతికి ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, తిరిగిన మైళ్లు, గ్యాలన్లు, ధర అందులో వరుసగా రాసి ఉన్నాయి. మొదటి పేజీల్లో గ్యాలను 32 సెంట్లు. అరబ్బు దేశాలు చమురు ఆపేసిన తర్వాత, 1974 పేజీల్లో అది 55 సెంట్లకు చేరింది, పెన్సిలు గీత కూడా అక్కడ కాస్త గట్టిగా పడింది. మరమ్మతులు కూడా అందులోనే ఉన్నాయి. ఆ పుస్తకం లేకపోతే ఈ కారుకున్న రెండు పెద్ద జబ్బుల మూలం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

కొనేముందు కర్మాగారంలో కారుకు వేసిన గుర్తింపు నంబరు చదవడం నేర్చుకోవాలి. మొదటి అంకె ఆరు అంటే 1966, తర్వాతి అక్షరం ఎఫ్ అంటే డియర్‌బోర్న్ కర్మాగారం, 07 అంటే హార్డ్‌టాప్ (రేకు పైకప్పు ఉన్న రెండు తలుపుల బాడీ), ఆ తర్వాత టి అంటే ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్. చక్రాలు నాలుగు బోల్టులవైతే అది పుట్టుకతో ఆరు సిలిండర్ల కారే, ఐదు బోల్టులవైతే ఎనిమిది సిలిండర్లది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో 2,368 డాలర్ల ప్రారంభ ధరతో విడుదలైన ఈ మోడల్, రెండేళ్లు నిండకుండానే పది లక్షలు దాటింది, 1966 సంవత్సరపు కార్లే ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. పైగా లోపలి భాగాలు చాలావరకు ఫాల్కన్ అనే చవక కారు నుంచి తీసుకున్నవి. అందుకే ఇవాళ్టికీ దీనికి దొరకని విడిభాగం దాదాపు లేదు.

ఇక అసలు విషయం తుప్పు. ముందు అద్దానికీ బానెట్‌కూ మధ్య, వైపర్ల కింద, గాలి లోపలికి రావడానికి చిల్లులున్న ఒక రేకు ఉంటుంది. ఇక్కడివారు దాన్ని కౌల్ అంటారు. దాని కింద పెట్టెలాంటి ఖాళీ, అందులో రెండు వైపులా బోర్లించిన టోపీల వంటి గాలి మార్గాలు. వాననీళ్లు ఆ పెట్టెలోకి దిగి పక్కలనుంచి బయటికి పోవాలి. కానీ ఏళ్ల తరబడి ఆకులు పేరుకుని, ఆ తడి అక్కడే నిలిచి, టోపీల మొదళ్లు తుప్పు పట్టి చిల్లులు పడతాయి. అప్పటినుంచి ప్రతి వానా కార్పెట్ కిందికి దిగుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. నా కారులో వర్షం పడినప్పుడు డ్రైవరు ఎడమ పాదం మీద చుక్కలు పడేవి. అంతకుమించి ఏ సూచనా లేదు.

నోటుపుస్తకంలో 1983లో ‘నేల మరమ్మతు, 210 డాలర్లు’ అని ఉంది. కార్పెట్ ఎత్తి చూస్తే ఆ మరమ్మతు ఏమిటో తెలిసింది. కుళ్లిన రేకు మీద ఫైబర్ గుడ్డ అతికించి, పైన తారు పూసి, అంతా బాగున్నట్టు కార్పెట్ కప్పేశారు. ఆ షాపు ఇప్పుడు లేదు. ఉన్నా పేరు రాసేవాణ్ని కాదు. కానీ ఒక టీచరు నమ్మి ఇచ్చిన డబ్బుకు చేసిన ఆ పని నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. తారు గీకి తీస్తుంటే స్క్రూడ్రైవరు రేకులోంచి నేరుగా గ్యారేజీ నేలను తాకింది. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా నేలను మాత్రం కప్పేశారు, కింది రేకు ఆ తారు పొర మాటున ఇరవై ఆరేళ్లు కుళ్లింది.

అందువల్ల నా మొదటి సలహా ఇది: ముందు కౌల్, ఆ తర్వాతే నేల. ముందు మడ్‌గార్డులు, వైపర్ల సరంజామా విప్పి, పై రేకును పట్టి ఉంచిన స్పాట్ వెల్డింగు చుక్కలను ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి తీయాలి. ఓపిక కావలసిన పని. నాకు ఒక శీతాకాలమంతా పట్టింది. లోపల రెండు టోపీలనూ కోసి కొత్తవి వెల్డింగు చేసి, అతుకులన్నిటికీ సీలర్ పట్టించి, పై రేకు మూసేముందు రెండు బకెట్ల నీళ్లు పోసి కింద వార్తాపత్రిక పరిచి చూశాను. కాగితం పొడిగా ఉన్న ఆ సాయంత్రం నాకు ఎంత స్పష్టంగా గుర్తుందో, కారుకు రంగు వేసిన రోజు కూడా అంతగా గుర్తు లేదు. నేల కోసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఈ కారుకు విడిగా చాసీ లేదు, బాడీయే చాసీ. సరైన చోట్ల ఆనిక ఇవ్వకుండా నేల రేకు కోస్తే బాడీ కుంగి, తలుపుల సందులు మారిపోతాయి. నేను తలుపులు బిగించి ఉంచే కోశాను, ఒకేసారి ఒక వైపే.

రెండో జబ్బు ఇంజిన్‌ది. సిలిండర్ల బోరు 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) పెంచి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించాక కూడా కారు నిలకడగా లాగేది కాదు. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా తిరిగేది, సిగ్నలు దగ్గర నుంచి కదిలి వేగం అందుకోబోతే తడబడేది. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, పెట్రోలు పంపు అన్నీ మార్చాను. తెనాలిలో ఉన్న మా మావయ్య ముప్పై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపినవారు. చిన్నప్పుడు పాయింట్లకు ఉప్పుకాగితం పట్టించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక రాత్రి వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం వినిపించాను. రెండుసార్లు యాక్సిలరేటర్ నొక్కమని, కళ్లు మూసుకుని విని, “అడ్వాన్స్ రావట్లేదు అల్లుడూ, నువ్వు పెట్రోలు వైపు చూడటం మానేసి డిస్ట్రిబ్యూటర్ చూడు” అన్నారు.

ఆయన మాట నిజమైంది, అయితే లోపం డిస్ట్రిబ్యూటర్‌లో లేదు. ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు పంచేది డిస్ట్రిబ్యూటర్; ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్కు కాస్త ముందుగా పడాలి, దాన్నే అడ్వాన్స్ అంటారు. మామూలు డిస్ట్రిబ్యూటర్‌లో ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ బయటికి జరిగే చిన్న బరువులుంటాయి; అవి స్పార్కును ముందుకు జరుపుతాయి. ఆ కాలపు ఆరు సిలిండర్ల ఫోర్డ్‌లలో వాడిన లోడ్-ఓ-మాటిక్ డిస్ట్రిబ్యూటర్‌లో ఆ బరువులు ఉండవు. స్పార్కును జరిపేది పూర్తిగా కార్బురేటర్ నుంచి గొట్టం ద్వారా వచ్చే వ్యాక్యూమే, అంటే గాలిని పీల్చే బలమే. ఆ వ్యాక్యూమును సరిపడేలా పంపడానికి అసలు కార్బురేటర్ అయిన ఆటోలైట్ 1100లో ప్రత్యేకమైన వాల్వు ఒకటి ఉంటుంది. ఆ వాల్వు లేని కార్బురేటర్ బిగిస్తే రెండూ విడివిడిగా బాగానే ఉంటాయి, కలిసి మాత్రం పనిచేయవు. నా కారుకు ఉన్నది అలాంటిదే. నోటుపుస్తకం తిరగేస్తే 1987లో ‘కొత్త కార్బురేటర్’ అని ఒక్క ముక్క ఉంది. అంతకుముందు ఇరవై ఏళ్లూ గ్యాలనుకు సుమారు 20 మైళ్లు వచ్చిన మైలేజీ, ఆ నెల నుంచి 16కు పడిపోయి మళ్లీ లేవలేదు. ఆవిడ ఏడేళ్లపాటు ఆ అంకెలను శ్రద్ధగా రాస్తూ వచ్చారు, చూసి అర్థం చెప్పేవారే దొరకలేదు. పాత విడిభాగాల సంతలో వాల్వు ఉన్న 1100 ఒకటి సంపాదించి, విప్పి, కడిగి, కొత్త గాస్కెట్లతో బిగించాను. తడబాటు పోయింది. ఇప్పుడు గ్యాలనుకు మళ్లీ 20 మైళ్లు, అంటే లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తోంది. ఈ కారు కొన్నవారు, వేరే కార్బురేటర్ పెట్టాలనుకుంటే డిస్ట్రిబ్యూటర్‌ను కూడా దానితోపాటే మార్చాలి, లేదంటే రెండింటినీ అసలువే ఉంచాలి.

అసలు డిజైన్‌లో మార్చి తీరవలసినది ఒక్కటే, పెడల్ నొక్కితే చక్రాల బ్రేకులకు ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్. 1966 కారులో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే అర ఉంటుంది, ఎక్కడ ద్రవం కారినా బ్రేకు మొత్తం పోతుంది. 2013లో ఒక వీల్ సిలిండర్ రబ్బరు వయసు మీరి తెగింది. వాలులో ఉన్నాను, పెడల్ నేలకు తగిలింది. డాష్‌బోర్డు కింద ఉండే హ్యాండ్ బ్రేక్ పిడిని లాగి, గేరు తగ్గించి, పచ్చికలోకి తిప్పి ఆపాను. వెనక సీటులో మా అమ్మాయి ఉంది. ఆ వారంలోనే 1967 మోడల్ నుంచి వచ్చిన రెండు అరల మాస్టర్ సిలిండర్ తెచ్చి, గొట్టాలన్నీ కొత్తవి వేశాను. అసలు రూపం చెడుతుందని దీనికి వెనకాడేవారితో నేను ఏకీభవించను. డ్రమ్ములు మాత్రం అలాగే ఉంచాను. వానలో తడిసినప్పుడు కాస్త పక్కకు లాగుతాయన్న సంగతి గుర్తుంచుకుని నడిపితే చాలు.

నడపడం గురించి. మొదటి గేరుకు సింక్రోమెష్ (కదులుతుండగా గేరు నునుపుగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరులోకి పోనివ్వకూడదు, లేదా లారీ డ్రైవర్లలా డబుల్ క్లచ్ కొట్టాలి, అంటే గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు నొక్కాలి. స్టీరింగు పార్కింగులో బరువు, కదిలాక తేలిక. గంటకు 55 మైళ్ల దాకా ఇంజిన్ హాయిగా ఉంటుంది, 65 దాటితే రొద పెరుగుతుంది. అందుకే నేను హైవే మానేసి మిషిగన్ అవెన్యూ మీదే డియర్‌బోర్న్ వెళ్తాను. కిటికీలు దించి, చిన్న త్రికోణపు అద్దాన్ని కాస్త తిప్పితే గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది. ఓడోమీటర్‌లో మైళ్లకు ఐదు అంకెలే. 2018లో ఆ రోడ్డు మీదే 99,999 నుంచి అంకెలన్నీ ఒకేసారి మెల్లగా పైకి లేచి సున్నాలయ్యాయి. పక్కన కూర్చున్న మా ఆవిడ ఫోటో తీద్దామని ఫోను బయటికి తీసేలోపే అయిపోయింది. ఈ రోజు కొనడానికి వచ్చినవారికి మీటరు పదిహేను వేలే చూపిస్తుంది. ఎవరైనా పాత కారు మీటరు చూపించి తక్కువ తిరిగిందంటే, కాగితాలు అడగండి.

రంగు వేయించాక నోవైలోని వెంకటేశ్వరస్వామి ఆలయంలో వాహన పూజ చేయించాము. కొత్త కార్ల వరుసలో దీన్ని నిలబెడితే అర్చకులు చుట్టూ తిరిగి చూసి, ముందు గ్రిల్లు మధ్యలో పరుగెత్తే గుర్రానికి పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. ఆ పసుపు జాడ గుర్రం జూలు సందుల్లో ఇప్పటికీ ఉంది, నేను తుడవలేదు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండుగకు తీసుకెళ్తే, ఎనిమిది సిలిండర్ల కార్ల దగ్గర ఇంజిన్ గురించి అడుగుతారు, దీని దగ్గర మాత్రం ఆగి తమ అమ్మ గురించి, అక్క గురించి చెబుతారు. “మా అమ్మ నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఇందులోనే” అని ఒక పెద్దాయన తలుపు అంచు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. 2012లో టీచరుగారిని ఎక్కించుకుని దగ్గర్లోని లివోనియా ఊళ్లో ఒక చుట్టు తిప్పాను. ఆవిడ ముందుగా నోటుపుస్తకం అడిగి, నేను రాసిన పేజీలు చూసి, నేను మైలు తర్వాతి దశాంశం వదిలేస్తున్నానని చెప్పారు. అప్పటినుంచి దశాంశం కూడా రాస్తున్నాను.

ఖర్చు విషయానికొస్తే, కారుకు 4,500 డాలర్లు, బాగుచేయడానికి నా శ్రమ కాకుండా సుమారు 19,000 డాలర్లు అయ్యాయి. అందులో సగానికి పైగా రంగు, క్రోము పూతలే. ఇలాంటి పాత ఇంజిన్లకు జింకు ఎక్కువున్న ఆయిలే వాడాలి, లేకపోతే క్యామ్‌షాఫ్ట్ అరుగుతుంది. ఇప్పటి పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చేయాలి. మిషిగన్‌లో 26 ఏళ్లు, అంతకుమించి వయసున్న వాహనాలకు చారిత్రక నంబరు ప్లేటు చవకగా ఇస్తారు కానీ, మామూలు ప్రయాణాలకు అది ఏడాది పొడుగునా చెల్లదు. అందుకే నేను సాధారణ ప్లేటే తీసుకున్నాను. రోడ్ల మీద ఉప్పు చల్లే కాలంలో కారును బయటికి తీయను.

కొత్తగా తయారుచేసి అమ్మే భాగాల్లో బాడీ రేకులు బాగానే ఉంటాయి. తలుపుల రబ్బర్లు మాత్రం మందంగా ఉండి, నెలల తరబడి తలుపు మూతపడదు. క్రోము ముక్కలు పాతవే మళ్లీ పూత వేయించుకోవడం మేలు. కొత్తవాటి వంపులు బాడీ వంపుకు సరిపోవడం లేదు.

ఈ ఇంజిన్ తీసేసి ఎనిమిది సిలిండర్లది పెట్టమని ఏటా ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. అలా చేస్తే ముందు స్ప్రింగులు, బ్రేకులు, చక్రాలు, వెనక ఆక్సిల్ అన్నీ మార్చాలి, చివరికి టీచరుగారు నోటుపుస్తకంలో లెక్క రాసుకున్న కారు అందులో మిగలదు. నేను మార్చను. ఈ శీతాకాలం హీటర్ పెట్టె దించి, దాని కోర్ మార్చి, ఎడమ కిటికీ అద్దం ఎత్తే యంత్రాన్ని విప్పి కొత్త గ్రీజు పెట్టాలి. ఏప్రిల్ నాటికి ఆ రెండు పనులూ పూర్తికావాలి.