షుగర్ ఉండి మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్: జన్యు పరీక్షా, కల్చరా?

"ఏడాదిలో ఇది మూడోసారి. మా ఒంట్లోనే ఏదో లోపముందేమో, జన్యు పరీక్ష చేయిద్దామా?" అని షుగర్ ఉన్నవాళ్లు అడుగుతుంటారు. అడగడంలో తప్పులేదు. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్4 జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. ఆ తేడాలకూ ఇన్ఫెక్షన్లకూ ఉన్న సంబంధం మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఇక కల్చర్ అంటే, మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. రెంటినీ పోల్చి చూద్దాం.

ఖర్చు: కల్చర్ వందల్లో, జన్యు పరీక్ష వేలల్లో.

శ్రమ: జన్యు పరీక్షకు కాస్త రక్తమో ఉమ్మో చాలు. కల్చర్‌కే ఓపిక కావాలి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను స్టెరైల్ డబ్బాలో పట్టాలి. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. రిపోర్టుకు రెండు మూడు రోజులు.

ఉపయోగం: కల్చర్ రిపోర్టులో మందు పక్కన 'ఎస్' ఉంటే పనిచేస్తుంది, 'ఆర్' ఉంటే చేయదు. జన్యు రిపోర్టును బట్టి యూరిన్ ఇన్ఫెక్షన్‌కు మందు ఎంచుకునే పద్ధతి ఇంకా రాలేదు.

రిస్క్: జన్యు రిపోర్టు చూసి "నా రాతింతే" అని షుగర్‌ను గాలికొదిలేయడం. కల్చర్‌లో అయితే, ఏ బాధా లేకపోయినా బ్యాక్టీరియా కనబడిందని మందులు మింగడం. గర్భిణులను మినహాయిస్తే చాలామందికి అది అనవసరం.

మంట, మాటిమాటికీ మూత్రం ఉంటే కల్చరే చేయించండి. చలిజ్వరం, నడుము పక్కల నొప్పి తోడైతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తులు, చెవులు, చర్మం అన్నిచోట్లా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నవాళ్లు మాత్రం జన్యు పరీక్ష గురించి నిపుణుల్ని అడగాలి.