మాండవి నదిపై పోకర్ బల్లలు: విజయనగరం నుంచి గోవాకు

గోవాలో పోకర్ పోటీలకు వెళ్లాలనుకునే మన విజయనగరం, శ్రీకాకుళం మిత్రులు ప్రవేశ రుసుము ఎంత, గది అద్దె ఎంత, భోజనం ఎలా ఉంటుంది అని అడుగుతుంటారు. అవన్నీ తెలుసుకోవలసినవే. అయితే హాలును ఎంచుకోవడానికి నేను ముందుగా చూసేది, బల్ల దగ్గర ఎవరైనా మర్యాద తప్పినప్పుడు ముక్కలు పంచే డీలరు, తగువులు తీర్చే ఫ్లోర్ మేనేజరు ఎంత త్వరగా, ఎంత పక్షపాతం లేకుండా కల్పించుకుంటారన్నది. ఆట సరిగా రానివాడు తన చిప్స్ (పందెం బిళ్లలు) తానే పోగొట్టుకుంటాడు. మర్యాద తెలియనివాడు మాత్రం చుట్టూ కూర్చున్న అందరి ఆటనూ పాడుచేస్తాడు.

విజయనగరంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా బండి మారకుండా మడ్‌గావ్‌లో దిగవచ్చు. పడమటి కనుమల్లో దూధ్‌సాగర్ జలపాతం పక్క నుంచే రైలు వెళుతుంది కాబట్టి ప్రయాణం దూరమైనా విసుగనిపించదు. మడ్‌గావ్ నుంచి పణజికి బస్సులు విరివిగా ఉన్నాయి. మా బృందంలో కొందరు సముద్రం కోసం కలంగూట్‌లో దిగారు, మిగిలినవాళ్లం పణజిలోని ఫోంటెన్యాస్ పాత వీధుల్లో ఒక చిన్న లాడ్జిలో ఉన్నాం. కలంగూట్ గదులు విశాలంగానే ఉన్నాయి గానీ, పోటీ అర్ధరాత్రి దాటాక ముగిస్తే టాక్సీవాళ్లతో బేరమాడి అంతదూరం వెళ్లడం ఒళ్లు హూనమయ్యే పని. ఆట కోసం వెళ్లేవాళ్లు పడవల రేవుకు దగ్గరగా పణజిలోనే ఉండటం మంచిది.

గోవా చట్టం ప్రకారం బల్లల మీద ఆడే జూదం నదిలో లంగరు వేసిన ఓడలకే పరిమితం. రేవు నుంచి చిన్న పడవలో మాండవి మధ్యకు తీసుకువెళతారు. మేము రెండు ఓడల్లో ఆడాం. బహుమతి సొమ్ము రెండో ఓడలోనే ఎక్కువ, భోజనం కూడా అక్కడే బాగుంది. అయినా నా ఓటు మొదటి ఓడకే.

మొదటి ఓడలో మా శ్రీకాకుళం పెద్దాయన నా పక్కనే కూర్చున్నారు. బ్లైండ్లు (ఆట మొదట్లో ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 200, 400 నడుస్తుండగా ఆయన నోరు మెదపకుండా ఒకే ఒక్క 5,000 చిప్ ముందుకు విసిరారు. డీలరు 400 ఉంచుకుని మిగతా చిల్లర వెనక్కి నెట్టాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "ఇదేటి బాబూ, నాను అయిదు వేలు ఏస్తే నాలుగొందలంటాడేటి?" అని అడిగారు. "రైజ్", అంటే పందెం పెంచుతున్నానని, ముందుగా చెప్పకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్, అంటే ఉన్న పందేనికి సరిపెట్టడం, మాత్రమేనని టోర్నమెంట్ నియమం. ఫ్లోర్ మేనేజరు వచ్చి, ఆయన కుర్చీ పక్కన వంగి నిలబడి, చిప్స్‌తోనే ఒకసారి వేసి చూపించి, తీర్పు మార్చకుండానే ఆయన మనసు నొచ్చుకోకుండా వివరించి వెళ్లాడు. చిప్స్‌ను రెండు విడతలుగా ముందుకు తోస్తే మొదటి విడతే చెల్లుతుందని కూడా అప్పుడే చెప్పాడు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి సేవ ఉండదని నా నమ్మకం.

మనవాళ్లకు వచ్చే చిక్కుల్లో చాలావరకు రమ్మీ, మూడు ముక్కలాట అలవాట్ల నుంచి వచ్చినవే. పండుగ రాత్రుల్లో మూడు ముక్కలాటలో ప్యాక్ అన్నవాడు పక్కవాడి ముక్కల్లోకి తొంగి చూసినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అది పెద్ద తప్పు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా తెరిచే ముక్కల్లో రెండు ఏడులు కనబడగానే, అప్పటికే ముక్కలు పడేసిన మా మిత్రుడొకడు నుదురు కొట్టుకుని "అయ్యో!" అన్నాడు. అతను పడేసినది ఏడేనని అందరికీ తెలిసిపోయింది. ఇంకా ఆడుతున్న ఇద్దరిలో ఒకరికి అది అప్పనంగా వచ్చిన సమాచారం, రెండోవారికి అన్యాయం. అలాగే ఆట నడుస్తుండగా మనవాళ్లిద్దరు తెలుగులో మాట్లాడుకుంటే డీలరు వారించాడు. వాళ్లకు కోపం వచ్చింది గానీ, తక్కినవారికి అర్థం కాని భాషలో మాట్లాడితే కుమ్మక్కయ్యారన్న అనుమానం రావడం సహజం, కాబట్టి డీలరు చేసినదే సరైనది.

రెండో ఓడలో జరిగినది నన్ను నిజంగా బాధపెట్టింది. విజయనగరం కుర్రాడొకడు ఇస్పేటు పది, కళావరు ఏడు పట్టుకుని ఉండగా బల్ల మీద తొమ్మిది, ఆరు, రెండు వచ్చాయి. ఎదుటివాడు ఉన్నదంతా పెట్టేశాడు, అంటే ఆల్ ఇన్. రమ్మీలో సీక్వెన్సు మధ్య ముక్క కోసం కాచుకున్నట్టే మా కుర్రాడు ఎనిమిది కోసం కాల్ చేశాడు. కనిపించని 47 ముక్కల్లో ఎనిమిదులు నాలుగే. బల్ల మీద ఇంకా తెరవాల్సిన రెండు ముక్కల్లో ఎనిమిది పడే అవకాశం 16, 17 శాతం మధ్య ఉంటుంది. రమ్మీలో ఎదురుచూపుకు విడిగా ధర లేదు, పోకర్‌లో ప్రతి ఎదురుచూపుకూ ధర ఉంది. ఆ లెక్కన అది చాలా చెడ్డ ఆటే. చివరి ముక్క ఎనిమిది పడింది. రెండు ఆసులతో ఓడిన పెద్దమనిషి లేచి నిలబడి, ఆట రానివాళ్లను లోపలికి ఎందుకు రానిస్తారంటూ కుర్రాడి మీద, డీలరమ్మాయి మీద కేకలు వేశాడు. ఫ్లోర్ మేనేజరు ఆయనకు నీళ్లిచ్చి బుజ్జగించాడే తప్ప ఒక్క హెచ్చరికా చేయలేదు. చెడ్డగా ఆడే హక్కు ప్రవేశ రుసుము కట్టిన ప్రతివాడికీ ఉంది. డీలరు ముక్కలు పంచుతుంది, ఎనిమిదిని తెచ్చిపెట్టదు.

అదే ఓడలో ఇంకొకాయన, తనను ఎవరూ ఓడించలేని ముక్కలు చేతిలో ఉండి కూడా, ఎదుటివాడి ఆల్ ఇన్‌కు జవాబివ్వకుండా చిప్స్ గలగలలాడిస్తూ కూర్చుని, చివరికి నవ్వుతూ ముక్కలు తిప్పాడు. ఇది నియమం తప్పడం కాదు, ఎదుటి మనిషిని చులకన చేయడం. రోజూ వచ్చే ఖాతాదారు కాబట్టి సిబ్బంది కూడా ఆయనతో కలిసి నవ్వారు.

వెళ్లేముందు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మిత్రుడి మేడ మీద డబ్బు లేకుండా ప్లాస్టిక్ చిప్స్‌తో ఆడటం మాకు ఎంతో ఉపయోగపడింది. నోటితో చెప్పాకే చిప్స్ ముట్టుకోవడం, మన వంతు వచ్చేదాకా ఆగడం, పెద్ద చిప్స్ ఎదుటివారికి కనబడేలా ముందు వరుసలో పెట్టడం అక్కడే అలవాటవుతాయి. ఓడ ఎక్కడానికి 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు కార్డు కావాలి. గెలిచిన సొమ్ములోంచి 30 శాతం ఆదాయపు పన్నుగా పోతుంది కనుక ఖర్చుల లెక్క ఆ మేరకు వేసుకోవాలి. మళ్లీ వెళ్లినప్పుడు మేము గది పణజిలోనే తీసుకుంటాం, బహుమతి తక్కువైనా మొదటి ఓడలోనే ఆడతాం.